పాత ఇంటికి మేకు దిగకుండా క్రిస్మస్ అలంకరణ

డిసెంబరులో కొట్టిన మేకును జనవరిలో పీకితే, దానితోపాటు అరచేతంత సున్నపు పెచ్చు కూడా ఊడి వస్తుంది. మా ఇంటి హాలులో అలాంటి మచ్చ ఒకటి ఉంది. దాన్ని కప్పడానికే అక్కడ ఏడాది పొడవునా ఒక క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. ఆ మేకు కొట్టింది నేనే. అప్పటి నుంచి మా ఇంట్లో అలంకరణకు ఒకటే నియమం: పండుగ అయ్యాక అన్నీ తీసేస్తే గోడ మీద, చెక్క మీద, నేల మీద ఏ గుర్తూ మిగలకూడదు. ఏది కట్టాలన్నా ముందు విప్పే దారి చూసుకున్నాకే ముడి వేయాలి.

పెట్టెలు దించకముందు ఇల్లంతా తిరగండి

క్రిస్మస్‌కు సిద్ధపడే ఆగమన కాలం నవంబరు 30కి దగ్గరి ఆదివారంతో మొదలవుతుంది. అంటే నవంబరు 27 నుంచి డిసెంబరు 3 లోపు ఎప్పుడైనా రావచ్చు. దానికి ఓ వారం ముందు, పగటి వెలుతురు ఉండగానే, ఒక టార్చిలైటు, కొలత టేపు, నోటు పుస్తకం పట్టుకుని గది గదికీ వెళ్లండి.

మొదట వెతకాల్సింది ఇంట్లో ఇప్పటికే ఉన్న కొక్కేలను. లాంతరు కోసం దూలానికి బిగించిన ఇనుప కొక్కెం, పటాలు తగిలించడానికి గోడ పైభాగంలో వేసిన చెక్క పట్టీ, తెరల కడ్డీలు, వెంటిలేటరు ఊచలు, తలుపు పైన ఎప్పుడో ఎవరో దిగ్గొట్టి వదిలేసిన గట్టి మేకు. ఇవన్నీ పాతవాళ్లు మీకు వదిలిపెట్టిన ఆస్తి. ఒక్కొక్కదాన్నీ చేత్తో మెల్లగా కిందికి లాగి చూడండి. కదలనివాటిని పుస్తకంలో రాసుకోండి. కదిలినవాటికి దారం ముక్క కూడా కట్టవద్దు.

తర్వాత గోడను వేలి కణుపులతో తట్టండి. గట్టి చప్పుడు వచ్చిన చోట పూత గోడను పట్టుకుని ఉన్నట్టు. డొల్ల చప్పుడు వస్తే లోపల విడిపోయినట్టు. సన్నని చెక్కబద్దల మీద సున్నం పూసిన పైకప్పులైతే మరింత జాగ్రత్త కావాలి. పూసినప్పుడు ఆ సున్నం బద్దల సందుల్లోంచి అవతలికి దూరి, అక్కడ గట్టిపడి, కొక్కెంలా పట్టుకుని ఉంటుంది. సుత్తి దెబ్బ అదురుకు ఆ పట్టు విరుగుతుంది. అదే రోజు ఏమీ కనిపించదు. కొన్నేళ్లు గడిచాక పైకప్పు ఒక చోట కిందికి ఉబ్బుతుంది, కారణం ఎవరికీ గుర్తుండదు.

తిరుగుతున్నప్పుడే ఏ గదులు అలంకరించాలో తేల్చుకోండి. అన్ని గదులూ అనుకోవద్దు. గుమ్మం, మెట్లు, అందరూ కూర్చునే ఒక గది చాలు. పది గదుల్లో పలచగా పరిచిన అలంకరణ కంటే మూడు చోట్ల నిండుగా ఉన్నది ఇంటికి నప్పుతుంది.

ఇల్లు ఏ కాలానిదైతే అలంకరణా ఆ కాలానిదే కావాలా?

కావాలనే వాళ్లున్నారు. ఆ లెక్కన చాలా ఇళ్లలో చెట్టు పెట్టడానికే వీలుండదు. జర్మనీలో క్రిస్మస్ చెట్టు పాతదే అయినా, ఇంగ్లండులో ఇంటింటికీ చేరింది 1848లో ఒక లండన్ పత్రిక విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలుచున్న బొమ్మ అచ్చువేసిన తర్వాతే. అంతకు ముందు కట్టిన ఇంటికి ఆకుల కొమ్మలే నిజమైన అలంకరణ అవుతాయి. విద్యుత్ దీపాల చెట్టయితే ఇంకా తర్వాతిది. ఎడిసన్‌తో కలిసి పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ 1882లో న్యూయార్క్‌లోని తన ఇంట్లో 80 చిన్న బల్బులు చేత్తో కట్టి వెలిగించాడు.

నేను ఆ పట్టింపు పెట్టుకోను. మ్యూజియానికైతే అది సరే. కుటుంబం కాపురమున్న ఇంట్లో నాయనమ్మ దాచిన గాజు బంతి, నాన్న బడిలో కత్తిరించిన కాగితపు నక్షత్రం, నిరుడు పిల్లలు చేసిన రంగుల గొలుసు పక్కపక్కన ఉండటమే సహజం. కాలం కలవకపోయినా ఫరవాలేదు, రంగు మాత్రం కలవాలి. రెండు మూడు రంగులు ఇంటి నుంచే తీసుకోండి: నేల పలకల ఎరుపు, కిటికీ రంగు అద్దాల ఆకుపచ్చ, చెక్క సామాను ముదురు గోధుమ. పాతబడి నల్లబడిన చెక్క పక్కన ముదురు ఆకుపచ్చ, ముదురు ఎరుపు, కాస్త మాసినట్టుండే బంగారు వన్నె అందంగా కుదురుతాయి. నీలం, గులాబీ రంగుల ప్లాస్టిక్ తళుకు దండలు అక్కడ అద్దెకు తెచ్చినట్టు కనిపిస్తాయి.

దీపాలకు ముందు తీగల సంగతి

గోడలోని వైరింగు రబ్బరు తొడుగుదో గుడ్డ తొడుగుదో అయితే, ఆ తొడుగు ఏళ్ల తరబడి ఎండి పెళుసెక్కి ఉంటుంది. కదిలించేదాకా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, కదిలిస్తే పొడిలా రాలుతుంది. ప్లగ్గు చుట్టూ గోధుమ రంగు మచ్చ ఉన్నా, చేయి పెడితే వెచ్చగా తగిలినా, ఏదైనా పరికరం వేయగానే గది దీపం మసకబారినా ఆ పాయింటును వదిలేయండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచే పని అన్నింటికంటే ముందు చేసుకోండి. పండుగ వారంలో కబురు పెడితే ఆయన రాడు.

తర్వాత దీపాలు. పాత రకం పెద్ద బల్బు ఒక్కొక్కటి 7 వాట్లు లాగేది. అలాంటివి 25 ఉన్న ఒక్క తీగకే 175 వాట్లు. ఎల్‌ఈడీ తీగ అందులో పదో వంతు కూడా తీసుకోదు, ఎండిన ఆకులు అంటుకునేంత వేడీ పుట్టించదు. పాత ఇంటికి ఇక వేరే ఆలోచనే అక్కర్లేదు. కొనేటప్పుడు డబ్బా మీద 2700 కెల్విన్ గానీ అంతకంటే తక్కువ గానీ ఉందేమో చూడండి. అది దీపపు వత్తికి దగ్గరి పసుపు వెలుగు. నీలం ఛాయ ఉన్న తెల్లని వెలుగులో పాత చెక్క బూడిద పట్టినట్టు కనిపిస్తుంది.

ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్సు గుచ్చవద్దు. తీగను తివాచీ కింద నుంచి తీసుకుపోవద్దు. పడుకునే ముందు అన్నీ ఆర్పేయండి. మరచిపోయే ఇల్లయితే టైమరు పెట్టండి.

ఇంకో మాట. పాత ఫోటోలు, బట్ట మీద కుట్టిన పటాలు, నీటి రంగుల చిత్రాలు ఉన్న గోడకు ఎదురుగా పెద్ద దీపం పెట్టవద్దు. మ్యూజియాల్లో ఇలాంటి వస్తువుల మీద పడే వెలుగును సాధారణంగా 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) దగ్గరే ఆపుతారు. వెలిసిపోయిన రంగు మళ్లీ రాదు. తాతగారి ఫోటోకు దీపాల దండ వేయాలని ఉంటే నెల రోజులూ కాకుండా ఆ ఒక్క సాయంత్రం వేయండి.

గోడను ముట్టకుండా వేలాడదీయడం

అంటించే కొక్కేలను నమ్మవద్దు. కొత్త గోడ మీద అవి గుర్తు లేకుండా ఊడి వస్తాయి. సున్నపు వెల్ల మీద, పాత వాల్‌పేపరు మీద, పొరలు పొరలుగా వేసిన పాత పెయింటు మీద మాత్రం పూతనే పట్టుకుని ఊడి వస్తాయి. సెల్లోటేపు కూడా అంతే. వార్నిషు చేసిన అల్మరాకు టేపు వేసి వారం ఆగి తీస్తే, తళతళలాడే చెక్క మీద ఒక పాలిపోయిన గీత మిగులుతుంది. బోసి ఇనుప తీగ చెక్కను గీరుతుంది, పచ్చి ఆకుల తడికి తుప్పు పట్టి మరక వేస్తుంది.

వీటి బదులు నాలుగు వస్తువులు తెచ్చుకోండి: వెడల్పాటి పత్తి నాడా, చేపల గాలానికి వాడే నైలాన్ దారం, మందపాటి ఉన్ని గుడ్డ ముక్కలు, గుప్పెడు ఇసుక పట్టే గుడ్డ సంచులు.

ఇసుక సంచుల ఉపయోగం చాలామందికి తోచదు. అల్మరా పైన, గోడ గూట్లో, తలుపు పైనున్న వెడల్పాటి అంచు మీద ఉన్ని గుడ్డ పరిచి, దాని మీద సంచి పెట్టండి. సంచికి కట్టిన నాడా కొస అంచు మీదుగా కిందికి వదిలి దానికి దండ కట్టండి. బరువే పట్టుకుంటుంది, మేకు అక్కర్లేదు. ఇక్కడ ఒక లెక్క ఉంది. వేలాడే దండ కంటే సంచి కనీసం మూడింతలు బరువుండాలి. పిల్లలు లాగుతారు కాబట్టి వాళ్ల చేయి అందే చోట ఈ పద్ధతి వద్దు.

వీధి తలుపుకు ఆకుల వలయం కట్టాలంటే ఒక వెడల్పాటి రిబ్బను తీసుకుని వలయాన్ని దానికి తగిలించండి. రిబ్బనును తలుపు రెక్క పైఅంచు మీదుగా లోపలి వైపుకు వేసి, ఆ పైఅంచులోనే ఒక చిన్న గుండుసూది పిన్నుతో బిగించండి. గుర్తు మిగలకూడదన్న నియమానికి ఇదొక్కటే మినహాయింపు, తలుపు నెత్తిన ఉన్న ఆ రంధ్రం ఎవరికీ కనిపించదు. వలయం వెనక ఉన్ని గుడ్డ అతికిస్తే తలుపు వేసినప్పుడల్లా చెక్కకు రాసుకోదు.

కిటికీలకు బిగింపు కడ్డీ మేలు. లోపల స్ప్రింగు ఉండి రెండు చివరలా చౌకట్టును నొక్కి నిలబడే తెర కడ్డీ అది. చివరల్లో ఉన్ని గుడ్డ పెట్టి బిగించండి. దాని నుంచి నైలాన్ దారంతో నక్షత్రాలు వదిలితే అద్దానికి తగలకుండా గాలిలో నిలిచినట్టు ఉంటాయి. పాత అద్దం పలచగా, అలలు అలలుగా ఉంటుంది, దాని చుట్టూ ఉన్న పుట్టీ ఎండి బీటలిచ్చి ఉంటుంది. దాని మీద రబ్బరు బుడిపెలు నొక్కడం, స్ప్రే మంచు చల్లడం రెండూ వద్దు. ఆ మంచును గీకేటప్పుడే అద్దం పగిలేది.

మెట్ల దగ్గర అందరూ చేసే పొరపాటు రెయిలింగు మీద దండ చుట్టడం. ఫోటోలో బాగుంటుంది. కానీ రాత్రి మెట్లు దిగే పెద్దవాళ్లకు పట్టుకోవడానికి చోటుండదు. పైగా పాత మెట్లు ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో ఉంటాయి. దండను రెయిలింగుకు బయటి వైపు, ఊచల మీదుగా వంపులు వంపులుగా కట్టండి. ప్రతి మూడు నాలుగు ఊచలకు ఒక నాడా ముడి. రెయిలింగు పొడవును టేపుతో కొలిచి దానికి ఒకటిన్నర రెట్లు దండ తీసుకుంటే వంపులు చక్కగా వస్తాయి. వదులైన ఊచలను లెక్కపెట్టి వాటిని వదిలేయండి.

ఇంటి బయట తక్కువ చేయండి. వాన నీటి తూముకు బరువు కట్టవద్దు, పెంకుల మీద నడవవద్దు, ఆరుబయట వాడదగినదని రాసి ఉన్న తీగలే వాడండి. ఇల్లు రక్షిత కట్టడాల జాబితాలో ఉంటే బయట ఏం బిగించాలన్నా ముందు అనుమతి విషయం కనుక్కోండి.

చెట్టు

పాత ఇళ్ల పైకప్పు ఎత్తు చూసి అంత ఎత్తు చెట్టు తేవాలని ఉబలాటపడతాం. అక్కర్లేదు. చిన్న చెట్టును గట్టి బల్ల మీద నిలబెడితే అదే ఎత్తు కనిపిస్తుంది, నేల మీద బరువూ తగ్గుతుంది. పెద్దదే తేవాలంటే నక్షత్రానికి పైన కనీసం ఒక జానెడు ఖాళీ ఉండేలా చూసుకోండి.

నిజం చెట్టయితే కొమ్మను వేళ్ల మధ్య పట్టి లాగండి. సూదాకులు చేతిలోకి రాలితే ఆ చెట్టు పాతది. స్ప్రూస్ రకం చెట్టు తొందరగా ఆకు రాలుస్తుంది, నార్డ్‌మన్ ఫిర్ రకం ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఇంటికి తెచ్చాక ఆరుబయట బాగా దులిపి, ఒక రోజు వరండాలో ఉంచండి. పురుగులు ఇంట్లోకి రాకుండా అక్కడే దిగిపోతాయి. పాత పుస్తకాలు, ఉన్ని బట్టలు ఉన్న ఇంటికి ఇది ముఖ్యం. లోపలికి తెచ్చే ముందు మొదలును అడ్డంగా ఒకటి రెండు సెంటీమీటర్లు కోసి వెంటనే నీటిలో పెట్టండి. కోత ఆలస్యమైతే బంక కమ్మి నీరు ఎక్కదు. మొదలు వ్యాసం ప్రతి రెండున్నర సెంటీమీటర్లకూ సుమారు ఒక లీటరు నీరు పట్టే స్టాండు కావాలి. పంచదార, మాత్రలు కలపమని చెబుతారు కానీ మంచినీళ్లే చాలు. రోజూ నీటి మట్టం చూడండి.

చెక్క నేల అయితే స్టాండు కింద వెడల్పాటి పళ్లెం, పళ్లెం కింద కార్కు చాప వేయండి. పళ్లెం నేరుగా నేలకు ఆనితే కిందనే చెమ్మ చేరి, తీసినప్పుడు తెల్లటి గుండ్రని మచ్చ కనిపిస్తుంది. హీటరు, చలిమంట లాంటి వేడి వచ్చే చోటికి కనీసం ఒక మీటరు దూరం ఉండాలి. పడిపోకుండా చెట్టు నడుముకు నైలాన్ దారం కట్టి కిటికీ ఊచకు బిగించండి.

కృత్రిమ చెట్టంటే తక్కువ చూపు అక్కర్లేదు. జర్మనీలో 19వ శతాబ్దంలోనే బాతు జాతి పక్షుల ఈకలకు ఆకుపచ్చ రంగు వేసి చెట్లు చేశారు. వాటి కొమ్మలు పలచగా, దూరం దూరంగా ఉండేవి. పాత గాజు వస్తువులకు అలాంటి పలచని చెట్టే బాగుంటుంది, ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తుంది.

అటక మీది పాత పెట్టె

ఈ పెట్టెను నేల మీద పాత దుప్పటి పరిచి, పిల్లలు లేనప్పుడు విప్పండి. అందులో ముచ్చటైనవీ ఉంటాయి, ప్రమాదకరమైనవీ ఉంటాయి.

పలచని గాజు బంతులు, పండ్ల, పక్షుల ఆకారాలు ఉంటే బహుశా లోపల వెండి పూత వేసినవి. జర్మనీలోని లౌషా ఊరి గాజు పనివారు 19వ శతాబ్దంలో ఈ పనికి పేరు తెచ్చారు. వీటిని కడగవద్దు. తడి గుడ్డతో తుడిచినా పైన వేసిన రంగు గుడ్డకు అంటుకు వస్తుంది. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. పైన ఉన్న లోహపు మూత వదులైతే దాన్ని పట్టుకుని ఎత్తవద్దు, బంతి కింద అరచేయి పెట్టి ఎత్తండి. తగిలించేటప్పుడు చెట్టు పైసగంలో, లోపలి కొమ్మలకు తగిలించండి.

వెండి రంగు సన్నని రేకు పోగులు దొరికితే చేత్తో పట్టి చూడండి. తేలికగా ఎగిరితే ప్లాస్టిక్. బరువుగా, నిలువునా కిందికి వేలాడుతూ, కాస్త బూడిద రంగులో ఉంటే సీసం కావచ్చు. అమెరికాలో 1970ల తొలినాళ్లలో సీసపు పోగుల అమ్మకం ఆగింది, ఆ ముందటివి ఇంకా చాలా పెట్టెల్లో ఉన్నాయి. వాటిని పక్కన పెట్టేసి చేతులు కడుక్కోండి. తెల్లటి దూది లాంటి మంచు ఉంటే అసలు కదిలించవద్దు. 1930లు, 40లలో మంటకు అంటుకోదన్న పేరుతో, పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే రాతినార ఆస్బెస్టాస్‌నే మంచుగా అమ్మారు. దులపకుండా, ఊదకుండా పెట్టెతో సహా ప్లాస్టిక్ సంచిలో మూసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే వారికి అప్పగించండి. దేవదూతల జుట్టు పేరుతో అమ్మిన సన్నని పోగులు గాజువి, చర్మంలోకి, కంట్లోకి గుచ్చుకుంటాయి.

గుడ్డ తొడుగున్న పాత సీరియల్ లైట్లను ప్లగ్గులో పెట్టి వెలుగుతాయో లేదో చూడాలన్న కోరిక ఆపుకోండి. వెలిగించకుండానే గాజు గిన్నెలో పోసి బల్ల మీద పెడితే ఎంతో అందంగా ఉంటాయి. మా ఇంట్లో అవి అలాగే ఉంటాయి, వచ్చిన ప్రతివారూ ముందు వాటి దగ్గరికే వెళతారు.

పశువుల పాక

1223లో అస్సీసీ ఫ్రాన్సిస్ ఇటలీలోని గ్రెచ్చియోలో గడ్డి తొట్టి, ఎద్దు, గాడిదతో క్రీస్తు జనన దృశ్యాన్ని నిలిపాడు. ఇంట్లో పాక పెట్టే చోటు నిలువెత్తు మనిషి కంటికి కాకుండా పిల్లల కంటికి ఎదురుగా ఉండాలి, అంటే కిటికీ గట్టు లేదా తక్కువ ఎత్తు బల్ల. పాత మట్టి, మైనపు బొమ్మలైతే దీపానికి దూరంగా పెట్టండి. బాల యేసును 24వ తేదీ రాత్రి దాకా తొట్టిలో పెట్టకండి. జ్ఞానులను గదికి అవతలి చివర నిలబెట్టి, వాళ్ల రాకను తలచుకునే జనవరి 6కు పాక చేరేలా రోజూ కొంచెం జరపడం పిల్లలకు అప్పగించండి. డబ్బు ఖర్చు కాని ఈ పనికే వాళ్లు అన్నింటికంటే ఎక్కువ ఎదురుచూస్తారు.

ఆకులు, కొవ్వొత్తులు, చలిమంట

హోలీ (క్రిస్మస్ అలంకరణకు వాడే ముళ్ల ఆకుల మొక్క), మిజిల్‌టో పండ్లు, యూ చెట్టు ఆకులు, గింజలు విషం. చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు ఉంటే ఎత్తున పెట్టాలి లేదా తేవడం మానాలి. పాలరాయి మీద నేరుగా పండ్ల కొమ్మలు గానీ నారింజ ముక్కలు గానీ పెట్టవద్దు. పండు మరక వేస్తుంది, పులుపు రాతి మెరుపును తినేస్తుంది. మధ్యలో ఒక గాజు పలక వేయండి.

నిజం కొవ్వొత్తి బల్ల మీద, మనిషి ఎదుట ఉన్నంతసేపే. కిటికీలో, చెట్టు మీద వద్దు. మసి పైకప్పు చెక్కడాల్లో పేరుకుంటే తుడవడం మహా కష్టం. చెక్క మీద మైనం పడితే గుడ్డలో చుట్టిన మంచుగడ్డతో గట్టిపరచి, ప్లాస్టిక్ కార్డుతో మెల్లగా ఎత్తండి.

గోడలో చలిమంట గూడు ఉంటే, మంట వేసే రోజుల్లో దాని పైన ఆకుల దండ ఉండకూడదు. పండుగ తర్వాత ఎండిన చెట్టు కొమ్మలను, కానుకల కాగితాలను అందులో వేసి కాల్చడం అన్నింటికంటే ప్రమాదం. బంక ఉన్న కొమ్మ ఒక్కసారిగా ఎగసి మండుతుంది, చిమ్నీలో పేరుకున్న మసి అంటుకుంటుంది.

తీసే రోజు

చెట్టు ఎండిపోతే జనవరి 6 దాకా ఆగవద్దు, సూదాకులు రాలడం మొదలవగానే బయట పెట్టండి. తీయడం పైనుంచి కిందికి చేయండి. దీపాలు ఆఖరున తీస్తే పని చేసుకోవడానికి వెలుగుంటుంది. బ్యాటరీ కొవ్వొత్తుల్లోంచి బ్యాటరీలు తీసేయండి, లేకపోతే వచ్చే ఏటికి కారి పాడవుతాయి.

గాజు వస్తువులను వార్తాపత్రికల్లో చుట్టే అలవాటు మానండి. ఆ కాగితంలోని ఆమ్లం, సిరా రెండూ పూతను పాడు చేస్తాయి. ఆమ్లం లేని పలచటి కాగితం గానీ, ఉతికిన పాత నూలు గుడ్డ గానీ మంచిది. బరువైనవి కింద, తేలికైనవి పైన. మైనపువి, పిండితో చేసినవి మూత బిగిసే డబ్బాలో వేయండి, ఎలుకలకు అవి విందు. అటక వేసవిలో కాగుతుంది, నేలమాళిగ చెమ్మగా ఉంటుంది. లోపలి గదిలోని అల్మరా అడుగు అర ఈ రెండింటికంటే నయం.

పెట్టె మీద వస్తువు పేరు రాయకుండా గది పేరు రాయండి. ఏ కొక్కేనికి ఏ దండ పట్టింది, ఎన్ని మీటర్లు సరిపోయింది, ఏ ప్లగ్గు వేడెక్కింది మీ నోటు పుస్తకంలో ఆ రోజే రాసుకుని, ఆ పుస్తకాన్ని వచ్చే ఏడు మొదట తెరిచే పెట్టెలో అన్నింటికంటే పైన పెట్టండి.